ఖాళీగా ఉన్న ల్యాప్‌టాప్‌లో 78 డిగ్రీలు: ఉబుంటులో వేడి ఎక్కడ పుడుతోందో పట్టుకున్న తీరు

యంత్రం 2018 నాటిది. ప్రాసెసర్ ఇంటెల్ ఐ5-8250యూ: 4 కోర్లు, 8 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరసలు), 15 వాట్ల టీడీపీ (ఆగకుండా పనిచేసేటప్పుడు పుట్టే వేడికి పెట్టుకున్న లెక్క), బేస్ 1.6 గిగాహెర్ట్జ్, టర్బోలో, అంటే అవసరం పడి వేగం పెంచుకున్నప్పుడు, 3.4. ర్యామ్ 8 జీబీ, డిస్కు ఎస్ఎస్‌డీ, సిస్టమ్ ఉబుంటు 22.04, గ్నోమ్ డెస్క్‌టాప్. విజయవాడలో ఏసీ లేని గది. కొలతలు తీసింది మే నెల మధ్యాహ్నం, అప్పుడు గదిలో 35 డిగ్రీలు.

లాగిన్ అయిన కాసేపటికే ఫ్యాన్ హోరు మొదలవుతుంది, కీబోర్డు పైపట్టీ మీద చెయ్యి నిలవదు, బ్యాటరీ గంటన్నర కూడా రాదు. ఇదీ ఫిర్యాదు. అప్పటికే షాపులో దుమ్ము దులిపించి, థర్మల్ పేస్టు మార్పించారు. రెండు మూడు డిగ్రీలు తగ్గి ఆగింది. అది కుళాయి కట్టకుండా నేల తుడిచినట్టే. పేస్టు అక్కరకొచ్చేది ప్రాసెసర్ 15, 20 వాట్లు లాగుతున్నప్పుడు. నిజంగా ఖాళీగా ఉన్న 8250యూ ప్యాకేజీ లాగేది ఒకటి నుంచి మూడు వాట్లే. ఆ కాస్త వేడికి పేస్టు ఎండిపోయి ఉన్నా 75 దాటడం కష్టం. అందుకే ఏ ప్రోగ్రామూ తెరవకుండా 75 కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఫ్యాన్‌ని కాదు, ప్రాసెసర్ ఖాళీగానే ఉందా లేదా అన్నదాన్ని.

మొదటి కొలత

సర్వీసుల (తెర వెనక నడిచే ప్రోగ్రాముల) జోలికి పోకముందే ఒక ఆధారం కావాలి. లేకపోతే ఏది ఆపితే ఎంత తగ్గిందో తేలదు, అన్నీ ఆపేసి 'బాగైంది' అనుకోవడమే మిగులుతుంది. ఛార్జర్ తీసేసి, బ్రౌజర్ తెరవకుండా, లాగిన్ అయిన 15 నిమిషాలకు కొలవాలి. మొదటి 15 నిమిషాల రీడింగ్ నమ్మదగింది కాదు, కారణం కింద టైమర్ల దగ్గర వస్తుంది.

ఉష్ణోగ్రతకు ఎల్ఎమ్-సెన్సర్స్ ప్యాకేజీ చాలు. వాట్లు తెలియాలంటే టర్బోస్టాట్ కావాలి. అది లైనక్స్-టూల్స్-జెనెరిక్ ప్యాకేజీలో ఉంటుంది, సుడోతో (నిర్వాహకుడి హక్కులతో) నడపాలి. 5 సెకన్ల విరామం పెట్టి నాలుగు కాలమ్‌లు చూస్తే సరిపోతుంది: బిజీ శాతం, బిజీ మెగాహెర్ట్జ్, ప్యాకేజీ ఉష్ణోగ్రత, ప్యాకేజీ వాట్లు. నా లెక్కలో వీటన్నిటికన్నా వాట్ల కాలమ్ ముఖ్యం. ఉష్ణోగ్రత గదిని బట్టి, ఫ్యాన్‌ని బట్టి మారుతుంది. డిసెంబరులో 60 చూపిన యంత్రమే మేలో 75 చూపించవచ్చు. వాట్లు మాత్రం ప్రాసెసర్ ఎంత పని చేస్తోందో సూటిగా చెబుతాయి.

ఇక్కడ వచ్చిన అంకెలు: ఉష్ణోగ్రత 74 నుంచి 78, వాట్లు 9 నుంచి 10, బిజీ 15 నుంచి 20 శాతం, బిజీగా ఉన్నప్పటి వేగం 3300 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల. అంటే ఎవరో ఒకరు కనీసం ఒక థ్రెడ్‌ను పూర్తిగా ఆక్రమించి టర్బోలో పరిగెత్తిస్తున్నారు.

యజమానికి ఇది ఇన్నాళ్లూ ఎందుకు కనబడలేదన్నదీ తెలిసిపోయింది. టాప్ కమాండ్‌లో 100 శాతం అంటే ఒక థ్రెడ్ నిండిందని. 8 థ్రెడ్ల యంత్రంలో అది మొత్తంలో పన్నెండున్నర శాతమే. పైన సారాంశం లైన్‌లో 'ఐడిల్ 84' అని కనిపించేసరికి మనిషి నిశ్చింతగా ఉంటాడు. కానీ వేడి ఆ శాతాన్ని బట్టి పెరగదు. టర్బోలోకి వెళ్లాలంటే వోల్టేజీ పెంచాలి, విద్యుత్తు వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దాంతో 3.3 గిగాహెర్ట్జ్‌లో పరిగెత్తే ఒక్క థ్రెడ్, 1.6లో నింపాదిగా నడిచే రెండింటికన్నా ఎక్కువ వేడి పుట్టించగలదు. పైగా ఆ ఒక్క థ్రెడ్ మేల్కొని ఉన్నంతసేపూ ప్యాకేజీ మొత్తం లోతైన నిద్రలోకి వెళ్లలేదు.

ఎవరి ఖాతాలో ఎంత

టాప్‌కి ఇంకో లోపం ఉంది. సెకనులో పుట్టి సెకనులో పోయే ప్రాసెస్‌లు దానికి చిక్కవు. వాటికి సిస్టమ్‌డీ-సీజీటాప్ మంచిది (సిస్టమ్‌డీ అంటే సర్వీసులను లేపి, ఆపి, చూసుకునేది). ప్రాసెస్‌లు పుట్టినా పోయినా, వాడిన సీపీయూ సమయాన్ని సర్వీసు ఖాతాలోనే జమ చేస్తుంది. విరామం 5 సెకన్లు పెట్టి ఒక రెండు నిమిషాలు చూడాలి. ఇంకో దారి జర్నల్‌లో (సిస్టమ్ రాసుకునే లాగ్‌లో) వెతకడం. సర్వీసు ఆగినప్పుడల్లా సిస్టమ్‌డీ 'కన్‌స్యూమ్డ్ ఇంత సీపీయూ టైమ్' అని ఒక వాక్యం రాసిపెడుతుంది. 'జర్నల్‌సీటీఎల్ -బి' ఫలితాన్ని గ్రెప్‌తో ఆ మాట కోసం వడగడితే, బూట్ అయినప్పటి నుంచి మన కన్ను కప్పి పని చేసి వెళ్లిపోయిన సర్వీసులన్నీ వరుసగా దొరుకుతాయి.

ఇక్కడ సీజీటాప్‌లో రెండు పేర్లు పైన కూర్చున్నాయి. మొదటిది యూజర్ స్లైస్ (లాగిన్ అయినవారి ప్రాసెస్‌ల గుంపు) కింద ట్రాకర్: ట్రాకర్-మైనర్-ఎఫ్ఎస్-3, దాని తోడు ట్రాకర్-ఎక్స్‌ట్రాక్ట్-3. గ్నోమ్‌లో ఫైళ్లు వెతకడానికి సూచిక తయారుచేసేవి ఇవే. రెండోది సిస్టమ్ స్లైస్ కింద 'డాకర్-' అని మొదలై పొడవాటి గుర్తింపు సంఖ్యతో ఉన్న ఒక స్కోప్. అంటే ఏదో కంటైనర్, డాకర్ విడిగా ఒక పెట్టెలో పెట్టి నడిపే ప్రోగ్రామ్.

సాధారణంగా ఇక్కడ ఇచ్చే సలహా: ట్రాకర్‌ను మాస్క్ చెయ్యి (ఎవరు పిలిచినా లేవకుండా కట్టేయి), గొడవ వదిలిపోతుంది. తాత్కాలికంగా ఆపి చూస్తే వాట్లు 5కి పడ్డాయి కూడా. సగం తగ్గింది కదా అని అక్కడే ఆగిపోయేవాళ్లు చాలామంది. కానీ ట్రాకర్ స్వభావం తెలిసినవారికి ఒక ప్రశ్న మిగులుతుంది. అది మొదటిసారి సూచిక కట్టేటప్పుడు కష్టపడుతుంది, ఆ తర్వాత ఫైలు మారితేనే లేస్తుంది. కదలిక లేని హోమ్ ఫోల్డర్‌లో రోజంతా పరిగెత్తదు. మరి ఏ ఫైళ్లు మారుతున్నాయి?

దానికి కొత్త ప్యాకేజీ ఏదీ అక్కర్లేదు. డాక్యుమెంట్స్ ఫోల్డర్ మీద ఫైండ్ కమాండ్‌ను '-ఎమ్‌మిన్ -2' షరతుతో, '-ఎల్ఎస్' జోడించి నడిపితే గత రెండు నిమిషాల్లో మారిన ఫైళ్లు యజమాని పేరుతో సహా వస్తాయి. ఇక్కడ ఒక ప్రాజెక్టు ఫోల్డర్ కింద వేలకొద్దీ చిన్న చిన్న డాట్ టీఎక్స్‌టీ ఫైళ్లు తెర నిండా దొర్లుకుంటూ పోయాయి. యజమాని కాలమ్‌లో 'రూట్' (నిర్వాహకుడి ఖాతా). ఇల్లు యూజర్‌ది, అందులో పుడుతున్న ఫైళ్లు రూట్‌వి. డాక్యుమెంట్స్‌లో రూట్ ఫైళ్లు కనిపిస్తే చాలాసార్లు దాని అర్థం ఒకటే: ఏదో కంటైనర్ ఆ ఫోల్డర్‌ను మౌంట్ చేసుకుని లోపలి నుంచి రాస్తోంది.

డాకర్ దగ్గర అసలు కథ

'డాకర్ పీఎస్ -ఎ' చూస్తే ఒక జావా అప్లికేషన్ కంటైనర్ 'అప్ 12 సెకండ్స్' అంటోంది, అరనిమిషం తర్వాత చూస్తే మళ్లీ 'అప్ 3 సెకండ్స్'. 'డాకర్ ఇన్‌స్పెక్ట్'లో రీస్టార్ట్ కౌంట్ వేలల్లో ఉంది. లాగ్ చదివితే సంగతి తేలిపోయింది. ప్రాజెక్టు ఎప్పుడో ముగిసింది, డేటాబేస్ కంటైనర్‌ను తీసేశారు, దీన్ని మరిచారు. ఇది లేస్తుంది, నమూనా డేటా ఫోల్డర్‌ను మొదటి నుంచి రాస్తుంది, డేటాబేస్ కోసం ఇరవై పాతిక సెకన్లు తలుపు కొట్టి చచ్చిపోతుంది. కంపోజ్ ఫైల్లో (కంటైనర్లను ఎలా నడపాలో రాసే యామ్ల్ ఫైలు) 'రీస్టార్ట్: ఆల్వేస్' ఉంది కాబట్టి డాకర్ దాన్ని మళ్లీ లేపుతుంది.

పదే పదే పడిపోయే కంటైనర్‌ను డాకర్ ఆలస్యం పెంచుకుంటూ లేపుతుంది: 100 మిల్లీసెకన్లతో మొదలుపెట్టి ప్రతిసారీ రెట్టింపు, గరిష్ఠంగా ఒక నిమిషం. అయితే కంటైనర్ 10 సెకన్లపాటు బతికితే 'ఇది బాగానే లేచింది' అని లెక్కేసి ఆలస్యాన్ని మళ్లీ 100 మిల్లీసెకన్లకు దించేస్తుంది. ఈ కంటైనర్ పాతిక సెకన్లు బతికి చస్తోంది. అందువల్ల ఆ బ్రేకు ఒక్కసారి కూడా పడలేదు. రెండు సెకన్లలో చచ్చే కంటైనర్ కన్నా పాతిక సెకన్లకు చచ్చేదే యంత్రాన్ని ఎక్కువ కాలుస్తుంది. జావా వర్చువల్ మెషీన్ లేవడమే బరువైన పని, దానికి తోడు ప్రతి లేపుడుకూ కొత్తగా పుట్టే వేల ఫైళ్లు. వాటి వెంట ట్రాకర్.

ట్రాకర్‌ను మళ్లీ నడవనిచ్చి, కంటైనర్‌ను మాత్రం ఆపితే ఏమవుతుంది? వరసలో ఉన్నవి చదువుకుని కొద్ది నిమిషాల్లో ట్రాకర్ తనంతట తానే నిద్రపోయింది. వాట్లు రెండున్నర దగ్గర నిలిచాయి. ఎక్కువ సీపీయూ తింటున్న సర్వీసుకూ, దాని చేత తినిపిస్తున్న సర్వీసుకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. ట్రాకర్‌ను మాస్క్ చేసి ఊరుకుని ఉంటే డెస్క్‌టాప్‌లో వెతుకులాట పోయేది, కంటైనర్ మాత్రం అలాగే కాలుతూ ఉండేది.

సవరణలు మూడు చోట్ల చేయాలి, ఒకచోట చేస్తే నిలవదు. 'డాకర్ అప్‌డేట్ --రీస్టార్ట్=నో' తర్వాత స్టాప్ చేస్తే ఇప్పటికి ఆగుతుంది. కానీ రేపు ఎవరైనా కంపోజ్ అప్ కొట్టి కంటైనర్ కొత్తగా తయారైతే పాత 'ఆల్వేస్' తిరిగొస్తుంది. అందుకని యామ్ల్ ఫైల్లోనే మార్చాలి. సొంత ల్యాప్‌టాప్‌లో 'ఆల్వేస్'కు బదులు 'అన్‌లెస్-స్టాప్డ్' నయం. చేత్తో ఆపినదాన్ని డాకర్ డీమన్ (వెనక నడిచే దాని సర్వీసు) తిరిగి లేచినప్పుడు 'ఆల్వేస్' మళ్లీ లేపుతుంది, 'అన్‌లెస్-స్టాప్డ్' లేపదు. ఇక డాకర్‌నే బూట్‌లో లేవకుండా చేయడం: 'సిస్టమ్‌సీటీఎల్ డిజేబుల్ డాకర్.సర్వీస్' అని, డాకర్.సాకెట్‌ను మాత్రం ఎనేబుల్‌గా ఉంచాలి. మొదటి డాకర్ కమాండ్ కొట్టినప్పుడు సాకెట్ డీమన్‌ను లేపుతుంది, వాడని రోజున డీమన్ ఉండదు. ఇదే విషయం తెలియక కొందరు సర్వీసును ఆపి, 'ఆపినా మళ్లీ వస్తోంది' అని తల పట్టుకుంటారు. సాకెట్ ఉన్నంతకాలం రావడమే దాని ధర్మం.

ట్రాకర్‌ను ఉంచుకుంటూనే

కోడ్ ఫోల్డర్లను సూచికలోంచి తప్పిస్తే చాలు. డాట్ గిట్ ఉన్న ఫోల్డర్‌ను ట్రాకర్ తనంతట తానే వదిలేస్తుంది. జిప్‌లో తెచ్చి విప్పిన ప్రాజెక్టులకు ఆ గుర్తు ఉండదు, నోడ్_మాడ్యూల్స్ సహా అన్నీ చదువుతుంది. అలాంటి ఫోల్డర్‌లో '.ట్రాకర్‌ఇగ్నోర్' అనే ఖాళీ ఫైలు పెట్టి, 'ట్రాకర్3 రీసెట్ --ఫైల్‌సిస్టమ్' కొడితే సూచిక కొత్తగా కట్టుకుంటుంది. ఆ రీసెట్ తర్వాత కాసేపు వేడెక్కుతుంది, కంగారు పడక్కర్లేదు. 'ట్రాకర్3 స్టేటస్' అంటే ఎన్ని ఫైళ్లు చదివిందో, ఏ ఫైళ్ల దగ్గర విఫలమైందో చెబుతుంది. పాడైన పీడీఎఫ్‌లు సాధారణంగా అక్కడ తేలతాయి.

వెతుకులాటే అక్కర్లేదంటే మాస్క్ చేయొచ్చు. అయితే ఇది యూజర్ సర్వీసు, 'సుడో సిస్టమ్‌సీటీఎల్' అంటే అసలు అలాంటి యూనిట్ లేదంటుంది. సుడో లేకుండా 'సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ మాస్క్' అనాలి. డిజేబుల్ చాలదు, ఎందుకంటే డీ-బస్ (ప్రోగ్రాములు ఒకదాన్నొకటి పిలుచుకునే దారి) ద్వారా వేరే ప్రోగ్రామ్ పిలిచినా అది లేస్తుంది.

చాలామంది పొరపడే చోటు ఇంకొకటి. నైస్ విలువ 19 చేస్తే వేడి తగ్గుతుందనుకుంటారు. తగ్గదు. నైస్ అన్నది వరసలో వెనక నిలబడమని చెప్పడమే. వరసలో ఇంకెవరూ లేనప్పుడు వెనక నిలబడ్డవాడికి కూడా మొత్తం ప్రాసెసర్ దొరుకుతుంది, టర్బోతో సహా. వేడి తగ్గాలంటే సర్వీసు వాడే సీపీయూకు హద్దు పెట్టే సీపీయూకోటా కావాలి. 'సీపీయూకోటా=20%' అంటే ఒక థ్రెడ్‌లో అయిదో వంతు, మొత్తం ప్రాసెసర్‌లో కాదు.

దీన్నే ట్రాకర్ లాంటి యూజర్ సర్వీసు మీద పెడితే ఉబుంటు 22.04లో ఏమీ జరగదు, ఎర్రర్ కూడా రాదు. అక్కడి సిస్టమ్‌డీ 249, యూజర్ మేనేజర్‌కు మెమరీ, పిడ్స్ (ప్రాసెస్‌ల సంఖ్య) కంట్రోలర్లు, అంటే హద్దులు అమలుచేసే భాగాలు, మాత్రమే అప్పగిస్తుంది, సీపీయూను అప్పగించదు. స్లాష్ ఈటీసీ కింద సిస్టమ్‌డీ, సిస్టమ్ ఫోల్డర్లో 'యూజర్@.సర్వీస్.డి' అనే ఫోల్డర్ చేసి, అందులో ఒక డాట్ కాన్ఫ్ ఫైల్లో సర్వీస్ శీర్షిక కింద 'డెలిగేట్=సీపీయూ సీపీయూసెట్ ఐఓ మెమరీ పిడ్స్' అని రాసి రీబూట్ చేస్తే అప్పుడు కోటా పనిచేస్తుంది. 'కోటా పెట్టాను, తేడా లేదు' అనేవారిలో చాలామంది చిక్కుకునేది ఇక్కడే.

మిగిలిన రెండున్నర వాట్లు

చిన్న చిన్న మేల్కొలుపులు ఎప్పుడూ ఉంటాయి, అవి సహజం. కానీ టర్బోస్టాట్‌లో బిజీ 2 శాతమే ఉన్నా, బిజీ మెగాహెర్ట్జ్ మాత్రం 3300లోనే ఉంది. చిటికెడు పనికి కూడా పూర్తి వేగం. గవర్నర్ (ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే విధానం) చూస్తే 'పెర్ఫార్మెన్స్'. ఎప్పుడో వేగం కోసం సీపీయూఫ్రెక్‌యూటిల్స్ అనే ప్యాకేజీ వేసి, స్లాష్ ఈటీసీ డిఫాల్ట్ కింది ఫైల్లో అలా రాసి పెట్టారు. ప్రతి బూట్‌లో ఆ సర్వీసు లేచి అదే రాస్తోంది. సెట్టింగ్స్‌లో పవర్ సేవర్ నొక్కినా ఫలితం లేకపోవడానికి కారణం ఇదే: పెర్ఫార్మెన్స్ గవర్నర్ ఉండగా శక్తి ప్రాధాన్య విలువను మార్చబోతే ఇంటెల్ పీ-స్టేట్ డ్రైవర్ 'బిజీ' అని తిప్పికొడుతుంది.

ఆ ప్యాకేజీ తీసేసి, రీబూట్ చేసి, 'పవర్‌ప్రొఫైల్స్‌సీటీఎల్ సెట్ బ్యాలెన్స్‌డ్' అన్నాక వాట్లు రెండుకూ, అంతకన్నా కిందికీ దిగాయి. పేరు చూసి భయపడేవారికి ఒక మాట: ఈ డ్రైవర్‌లో 'పవర్‌సేవ్' గవర్నర్ అంటే అట్టడుగు వేగానికి కట్టేయడం కాదు, పనిని బట్టి వేగం పెంచుతుంది, దించుతుంది. టీఎల్‌పీ, ఆటో-సీపీయూఫ్రెక్, పవర్-ప్రొఫైల్స్-డీమన్ మూడింటికీ పట్టు ఒకే మీట మీద, ఒకటే ఉంచుకోవాలి. థర్మల్‌డీ వేరు, అది వేడిని కాపలా కాసేది. సర్వీసులు తగ్గిద్దామని దాన్ని కూడా ఆపేయడం తప్పు.

బూట్ అయిన వెంటనే వచ్చే వేడి

అప్‌డేట్లను వేళకు నడిపే ఏపీటీ-డెయిలీ, ఏపీటీ-డెయిలీ-అప్‌గ్రేడ్ టైమర్లలో 'పర్సిస్టెంట్' అనే గుణం ఉంటుంది. ఉదయం ఆరింటికి నడవాల్సింది యంత్రం ఆపి ఉండటం వల్ల తప్పిపోతే, ఆన్ చేసిన కాసేపటికే ఆ బాకీ తీర్చుకుంటుంది. రాత్రి ఆపి పొద్దున తెరిచే ల్యాప్‌టాప్‌కు ఇది రోజూ ఉండే తంతు. 'సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్'లో చూడొచ్చు. వీటిని ఆపకూడదు, భద్రతా అప్‌డేట్లు వచ్చే దారి ఇదే. కోటా పెట్టడం కూడా మంచి ఆలోచన కాదు. ఆ పని సాగినంతసేపూ డీపీకేజీ (ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రామ్) తాళం దాని చేతిలోనే ఉంటుంది, మనం ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే తాళం దొరకలేదంటుంది. పది నిమిషాల వేడిని ఓర్చుకోవడమే నయం.

తాకనివి

సర్వీసులు ఆపే చిట్కాల జాబితాల్లో బ్లూటూత్, కప్స్ (ప్రింటింగ్), అవాహి (నెట్‌వర్క్‌లో పరికరాలను వెతికేది), మోడెమ్‌మేనేజర్ తప్పకుండా ఉంటాయి. 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్'లో వాటి సీపీయూ లైన్ చూస్తే రోజంతా కలిపి వాడింది కొద్ది సెకన్లు. వాటితో వేడి తగ్గదు, ప్రింటర్ మాత్రం దొరకదు. 'సిస్టమ్‌డీ-అనలైజ్ బ్లేమ్' చూసి పై వరసలో ఉన్నవాటిని ఆపడం ఇంకో తప్పుదారి. అది చూపేది బూట్‌లో పట్టిన సమయం. నెట్‌వర్క్‌మేనేజర్-వెయిట్-ఆన్‌లైన్ అక్కడ ఎప్పుడూ పైనే ఉంటుంది, అది ఊరికే ఎదురుచూడటం తప్ప చేసేదేమీ లేదు. స్నాప్‌డీని మాస్క్ చేస్తే 22.04లో స్నాప్‌గా వచ్చే ఫైర్‌ఫాక్స్‌కు అప్‌డేట్లు ఆగిపోతాయి. యూడిస్క్స్2ను ఆపితే పెన్‌డ్రైవ్ పెట్టినా తెరుచుకోదు. గతంలో ఎవరో ఏదో మాస్క్ చేసి వదిలారేమోనని 'లిస్ట్-యూనిట్-ఫైల్స్ --స్టేట్=మాస్క్‌డ్' చూసుకోవడం మంచిది.

చివరి కొలత

అదే గది, అదే 35 డిగ్రీలు, బ్యాటరీ మీద, లాగిన్ అయిన 15 నిమిషాలకు: ఉష్ణోగ్రత 50 నుంచి 53, వాట్లు 1.7 నుంచి 2, ఫ్యాన్ చాలాసేపు ఆగే ఉంది. గది 35 ఉన్నప్పుడు ఈ యంత్రం ఇంతకన్నా దిగదు. కంపైల్ చేసేటప్పుడు మాత్రం మళ్లీ 90 దాటుతుంది, అది సర్వీసులతో తీరేది కాదు. ఎండాకాలం వరకు టర్బో ఆపుకోవచ్చు: స్లాష్ సిస్ కింద డివైసెస్, సిస్టమ్, సీపీయూ, ఇంటెల్_పీస్టేట్‌లో ఉన్న 'నో_టర్బో' ఫైల్లో 1 రాస్తే వేగం టర్బోలోకి పోదు. బ్రౌజింగ్‌కు తేడా పెద్దగా తెలియదు, కంపైల్‌కు బాగా తెలుస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా టాప్‌లో 'కెవర్కర్' ఒకటి కేఏసీపీఐడీ పేరుతో థ్రెడ్ నింపుతూ కనిపిస్తే అది సర్వీసు కాదు, ఏసీపీఐ (హార్డ్‌వేర్, సిస్టమ్ మాట్లాడుకునే పద్ధతి) అంతరాయాల వరద. స్లాష్ సిస్, ఫర్మ్‌వేర్, ఏసీపీఐ, ఇంటరప్ట్స్‌లో ఉన్న జీపీఈ (ఒక్కో అంతరాయానికి ఒకటి) ఫైళ్లన్నీ గ్రెప్‌తో చూస్తే ఒకదాని లెక్క లక్షల్లో ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో అది జీపీఈ6ఎఫ్. ఆ ఫైల్లోకి రూట్‌గా 'డిజేబుల్' అని పంపి చూడాలి. మూత మూస్తే నిద్రపోవడం, బ్రైట్‌నెస్ మీటలు, ఛార్జర్ గుర్తింపు పనిచేస్తుంటే గ్రబ్‌లో (బూట్ సెట్టింగుల్లో) 'ఏసీపీఐ_మాస్క్_జీపీఈ=0ఎక్స్6ఎఫ్' చేర్చి శాశ్వతం చేయొచ్చు. ఈ యంత్రంలో ఆ అవసరం రాలేదు.

ఉబుంటు కొత్త వెర్షన్‌కు మారినప్పుడు ఒకసారి తిరిగి చూడాల్సింది ట్రాకర్ పేరు. గ్నోమ్ 47 నుంచి అది లోకల్‌సెర్చ్ అయింది. పాత పేరు మీద వేసిన మాస్క్ కొత్త పేరుకు వర్తించదు.